పెండన్ బొమ్మపల్లె

సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుట మనలో పెక్కుమందికి చిన్ననాటినుండి తెలిసిన ముచ్చటయే. మెట్లపై దేవుళ్లను, వారి క్రింద పెండ్లివారిని నిలిపి, నేలమీద పల్లెటూరి నమర్తుము. మట్టిలో ఆవాలు, మెంతులు చల్లి మొలకలెత్తించి పొలము లందుము. అద్దపుముక్క నుంచి చెఱువందుము. ఆ పల్లెలో ఇండ్లన్నియు క్రొత్తవియే. ఏ బొమ్మకైన రంగు వెలిసిన యెడల పండుగకు ముందే మరల రంగు పూయుదుము. అట్టి మనతో, చక్కగా రంగువేసిన బొమ్మయింటిని బుద్ధిపూర్వకముగా పాతయింటినిగా చేయువా రున్నారని యెవరైన చెప్పినచో నవ్వి ఊరకుందుము. గత వేసవిలో ఇంగ్లండునకు పోయినప్పుడు మే మా వింతను కన్నులార చూచితిమి. చూచుటయే గాక అందులో మేమును చేయి పెట్టవలసివచ్చెను. ఆ సంగతి సోదరీమణులకు విన్నవింతుము.

మా తమ్ముడు లండనునకు పడమటనున్న రెడింగు పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. మావారి పాఠశాలకు సెలవు లిచ్చినంతనే వాని పిలుపుమీద మేమిరువురమును బయలుదేఱితిమి. వాని యింటి పెరటిలో ఒక చెక్కగది కలదు. అందు పొడవైన బల్లపై సన్నని పట్టాలు పఱచి, అఱచేతిలో నిముడు రైలుబండ్లను నడపుట వానికి గల ఒకేయొక వ్యసనము. మఱదలు, "వదినా, ఆ గదిలోకి వెళ్తే భోజనానికి పిలిచినా వినపడదు" అని మాకు ముందే హెచ్చరిక చేసెను.

గదిలో అడుగు పెట్టి బల్ల చివరనున్న కట్టడమును చూచి మేము నిలిచిపోయితిమి. అది మా నాన్నగారు స్టేషను మాస్టరుగా పనిచేసిన చిన్న స్టేషను. డెల్టాలో వరిచేల నడుమ నుండెడిది. బంగళాపెంకుల కప్పు, ముందు సన్నని వసారా, ప్లాట్‌ఫారము చివర పసుపుపచ్చని పేరుపలక, ప్రక్కనే మేము పెరిగిన క్వార్టరు. ఆ మార్గమున రెండవ పట్టా వేసినప్పుడు ఆ పాత కట్టడములను తీసివేసిరి. నాన్నగారును కీర్తిశేషులైరి. ఇంటిముందు మేమందఱము నిలిచి తీయించుకొన్న ఒక్క ఫోటో మాత్రము మిగిలినది. దానినిబట్టియు, తన జ్ఞాపకమునుబట్టియు మా తమ్ముడు అట్టలు కోసి ఈ నమూనాను కట్టినాడు. అడుగునకు 4 మిల్లీమీటర్ల లెక్క. అనగా నిజమైన దానిలో 76వ వంతు. ఆ లెక్కకు అయిదడుగుల మూడంగుళముల మనిషి 21 మిల్లీమీటర్లుండును. ఒక అంగుళమునకు తక్కువే.

గోడలకు లేత పసుపు, తలుపులకు ఆకుపచ్చ, పెంకులకు ఎఱుపు వేసియుండెను. ఎచ్చటను చిన్న మచ్చ లేదు. కొలువులో నడుమ నుంచదగిన అందముతో నున్నదని మేము మెచ్చుకొంటిమి. వాడు తల యూపి, "ఇంకా మన ఇల్లు కాలేదక్కా. దీనికి ఎండా వానా తగలాలి. ఏ గోడకి ఏ మరక ఉండేదో నీకే బాగా గుర్తు. నువ్వు చెప్పు, నేను వేస్తాను" అనెను.

మాకు మనసు చివుక్కుమన్నది. ఆ యింటి గోడలతో మా అమ్మగారు పడిన పాటు మేమెఱుగుదుము. తెల్లవాఱినది మొదలు తుడుచుట, కడుగుట, అలుకుట, సున్నము పూయుట. ఆడుదాని బ్రతుకులో సగము మరకలతో పోరాటముననే గడచును. ఆమె యన్నేండ్లు తుడిచిన దానిని కొడుకు తీరికగా కూర్చుండి కుంచెతో మరల పూయుటయా? "మన యింటిని మురికి చేయుటకు మేము రాము" అని చెప్పివేసితిమి. వాడు వాదింపక, "రేపు నిన్నొక ఊరు తీసుకెళ్తాను. చూశాక నీ ఇష్టం" అనెను.

ఆ ఊరు ఆక్స్‌ఫర్డు మండలములోని లాంగ్ విట్టెన్‌హామ్. రెడింగునుండి రైలులో పావుగంటకు డిడ్‌కాట్ స్టేషను చేరి, అచ్చటనుండి మోటారులో పోయితిమి. థేమ్సు నది కా ఊరు చేరువ. దారి కిరువైపుల పచ్చని చేలు. ఊరిలో మన తాటాకిండ్లవలె గడ్డికప్పుల యిండ్లును కొన్ని యున్నవి. ఆ ఊరిలోనే పెండన్ అను ప్రదర్శనశాల కలదు. వెలుపలినుండి చూచిన దానికి ప్రత్యేకత యేమియు కానరాదు. లోన నొక దేశమున్నది.

దీనిని స్థాపించినవాడు రాయ్ ఇంగ్లండు. ఇంటిపేరు ఇంగ్లండే గాని ఈయన ఆస్ట్రేలియానుండి 1925లో వచ్చినవాడు. డిడ్‌కాటునకు పడమటగా వ్యాపించిన వేల్ ఆఫ్ వైట్ హార్స్ అను లోయలోని పల్లెలను చూచి ఆయన ముగ్ధుడయ్యెను. ఆ ప్రాంతపు గడ్డియిండ్లు తన కన్నులయెదుటనే ఒక్కటొక్కటిగా రూపు మాఱుచుండుట చూచి ఆయనకు దిగులు కలిగెను. ఇండ్లను కొని కాపాడుటకు ధనము లేదు. మార్పును ఆపుటకు అధికారము లేదు. చేతిలో కత్తెరయు, కుంచెయు మాత్రము కలవు. కావున ఉన్నవానిని ఉన్నట్లుగా కొలిచి, అట్టతో నమూనాలు చేయుటకు పూనుకొనెను. ఈ శాల 1954లో ఆరంభమయ్యెను. నేటికిని స్వచ్ఛందముగా వచ్చి పనిచేయువారే దానిని నడపుచున్నారు.

పెద్ద గదిలో 1920, 1930 ప్రాంతముల నాటి ఆ లోయ యంతయు పఱచియున్నది. కొండవాలు, పంటచేలు, కంచెలు, బాటలు. దిగువను గ్రేట్ వెస్టరన్ రైలుమార్గము, దానిపై ఆకుపచ్చని యింజనులు, పాలమీగడ రంగును చాకొలెట్ రంగును కలిసిన పెట్టెలు. ఇండ్లన్నియు అడుగునకు 4 మిల్లీమీటర్ల లెక్కకే కట్టినవి. వానిలో ఒక్కొక్క యింటికి నెలలు, కొన్నిటికి సంవత్సరములు పట్టినవట. గోడలోని ఇటుకలను అట్టపై గీతలుగా నొక్కి, ఒక్కొక్క ఇటుకకు వేర్వేరుగా నీటిరంగు వేసినారు. ఏ రెండిటుకల ఎఱుపును ఒక్కటి కాదు. ఆవములో మంటకు దగ్గఱగా నున్న ఇటుక నల్లబడును గదా! తోటలలో కూరపాదులు, పూలమొక్కలు చేతితో చేసి నాటినవే. మేము నడుము వంచి, కన్నులు నేలమట్టమునకు తెచ్చి చూచితిమి. చూచుకొలది అది బొమ్మయను తలపు తొలగిపోయెను. ఎవరో ఇప్పుడే తలుపు చేరవేసి లోనికి పోయినట్లుండెను.

ఇట్లేల తోచినదని మావారు నడిగితిమి. "ఇందులో ఏ ఇల్లూ ఈ ఉదయం కట్టినట్టు లేదు. అదీ కారణం" అని వారనిరి. నిజమే. క్రొత్తగడ్డి కప్పు పసిమిగా నున్నది. ముదిరిన కప్పు బూడిదవన్నెగా నున్నది. పొగగొట్టముల మొగములు నల్లబడినవి. దీనినే వారు వెదరింగు అందురు; మనము ఎండవానల వన్నె అనవచ్చును. ఈ శాలలోనే ఒక ప్రక్క మేడర్ వ్యాలీ అను మఱియొక చిన్న రైలుమార్గ మున్నది. అది జాన్ ఆహెర్న్ అను నాతడు తన యింటిలో నిర్మించుకొన్నది. రైలుబొమ్మ లనిన తళతళలాడు ఆటవస్తువులను కాలములో, అనగా 1930ల దశకమున, ఇండ్లకును ఊరికిని పాతదనము తెచ్చి చూపిన మొదటివారిలో నాతడొకడు.

మా తమ్ముడు ఆయా యిండ్లను చూపుచు ఆ విద్యలోని మర్మము చెప్పెను. మరకను ఇష్టము వచ్చినచోట వేయరాదు. ప్రతి మరకకును కారణ ముండవలెను. వాన పైనుండి క్రిందికి పడును గావున చారలన్నియు నిలువుగానే దిగవలెను. ఇనుపమేకు ఉన్నచోటనే తుప్పుచార పుట్టవలెను. నీటిగొట్టము కాఱుచోటనే పచ్చని నాచు పట్టవలెను. ఎండ ఎక్కువగా తగులు గోడ వెలియవలెను. చూరునీడ నున్న రంగు నిలిచియుండవలెను. మనుషుల చేతులు తగులుచోట, అనగా తలుపుగడియల యొద్ద, నునుపు తేలవలెను. గోడను చూచి ఆ యింట ఎవరు ఎచ్చట నిలుతురో, ఏమి చేయుదురో చెప్పగలిగినప్పుడే ఆ పని కుదిరినట్లు.

ఈ కడపటి మాట మా మనసున నాటుకొనెను. ఉత్తరరామచరితము మొదటి యంకమున సీతారాములు తమ గడచిన కథను పటములలో చూచు ఘట్టము మన మెఱిగినదే. ఆ చిత్రములలో సుఖపు దినములే కాక భయముగొలిపినవియు నున్నవి. శూర్పణఖను చూచి సీత బెదరినది. చిత్రకారుడు దానిని తుడిచివేసియుండిన యెడల ఆమెకు బెదరు లేకపోవును గాని, అది ఆమె కథ కాకపోవును. మేము మా యింటి కథలో దేనిని తుడువమనుచున్నామో తిరుగు రైలులో చాలసేపు ఆలోచించితిమి.

మఱునాటి ఉదయము మేమే ముందుగా చెక్కగదికి పోయితిమి. పని యిట్లు జరిగెను. మొదట రంగులను కొంచెము అణచవలెను. మూరెడు దూరమునుండి ఈ బొమ్మను చూచుట, నిజమైన యింటిని 114 అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. అంత దూరమున ఏ రంగును తన నిండుదనముతో కనబడదు. అందుచేత నలుపునకు బదులు ముదురు బూడిదరంగు, తెలుపునకు బదులు మీగడరంగు వాడుదురు. పెంకుల ఎఱుపుపై గోధుమవన్నె రంగునీరు పలుచగా పాఱించి, పెంకుల సందులలో నిలువనిచ్చి, పైభాగమును గుడ్డతో తుడిచితిమి. ఒక్కసారిగా కప్పునకు ఇరువదేండ్లు వచ్చినవి. పిమ్మట కుంచెను లేతరంగులో ముంచి, కాగితముపై ఇంచుమించుగా పొడియగువఱకు రాచి, పెంకుల అంచులమీద మెల్లగా ఆడించిన యెడల ఎండకు వెలిసిన అంచులు తేలినవి. నాచు, మసి, దుమ్ము మొదలగువానికి రంగు సుద్దలను అరగదీసిన పొడి. అంతయు ముగిసిన తరువాత ఆ పొడి రాలకుండ మెఱుపులేని వార్నిషును పలుచగా చల్లుదురు.

ఏ మరక యెచ్చటనో మేము చెప్పుచుండగా వాడు వేయుచుండెను. చూరునీరు నేలపై పడి చిందిన నల్లరేగడి బురద గోడ అడుగున అడుగెత్తువఱకు, అనగా 4 మిల్లీమీటర్ల మేర. కొళాయిక్రింద నాచు. స్టేషను బల్లకు వెనుకగోడపై, బండికొఱకు వేచి కూర్చున్నవారు తలలాన్చిన చోట, వరుసగా గుండ్రని నూనెమచ్చలు. ఇవి వానికిని జ్ఞాపకము వచ్చి పకపక నవ్వెను. టికెట్ల గది మూలనుండెడి కిళ్లీమరక విషయమున మాత్రము తగవు వచ్చెను. నాన్నగారు దానికొఱకు ఎందఱితోనో పోట్లాడిరి గనుక వలదంటిమి. పోట్లాడిరి గనుకనే కావలెనని వాడనెను. ఒక్క చుక్కకు మాత్రము సమ్మతించితిమి.

పిమ్మట క్వార్టరు వెనుకగోడకు వచ్చితిమి. అచ్చట వంటయింటి కిటికీ కలదు. వాడు దానిని ఫోటోనుబట్టి గాక ఊహనుబట్టి పెట్టినాడు. ఆ గోడ ఏ ఫోటోలోను లేదు. "ఇక్కడ ఏముండేది?" అని వాడడిగెను. మేమొక క్షణము పలుకలేకపోతిమి.

అచ్చట మసి యుండెడిది. అమ్మగారు పొట్టుపొయ్యి మీదను, పొట్టు దొరకనప్పుడు కట్టెలపొయ్యి మీదను వండెడివారు. ఆ పొగ కిటికీ పైకమ్మిని నాకి, నాలుకవలె సాగి, చూరువఱకు నల్లగా ఎక్కెడిది. ప్రతి సంక్రాంతికిని సున్నములో చిటికెడు నీలిమందు కలిపి ఆమె స్వయముగా పూసెడివారు. నిచ్చెన పట్టుకొనుట మా పని. ఉగాది వచ్చునప్పటికి మసి మరల కిటికీపైకి తొంగిచూచెడిది. తనిఖీకి పై అధికారులు భార్యలతో వచ్చిన దినమున, ఆ అమ్మలు పెరటిలోనికి వచ్చిన యెడల, అమ్మగారు పోయి ఆ కిటికీకి అడ్డముగా నిలిచి మాటలాడెడివారు. ఎందుకు నిలిచెడివారో మే మొక్కరమే యెఱుగుదుము.

తమ్ముడు కుంచె క్రింద పెట్టి వినుచుండెను. "నాకీ సంగతే తెలియదు అక్కా" అనెను. వానికెట్లు తెలియును? మగపిల్లవాడు; బడి విడిచినది మొదలు చీకటిపడువఱకు ప్లాట్‌ఫారముమీదనే యుండెడివాడు. వాడు నిర్మించిన స్టేషనులో గంట వ్రేలాడు కొక్కెము సహా యుండెను. మూడుపూటల అన్నము వచ్చిన గోడ మాత్రము ఉత్తగోడగా నుండెను. మేము చెప్పని యెడల ఆ మసి ఈ లోకమున మఱెచ్చటను ఉండదు. అది మురికి యని నిన్న మేమనుకొంటిమి. ఆ గోడవెనుక ఒక మనిషి యెన్నేండ్లు నిలిచెనో తెలుపుటకు అంతకన్న వేఱు గుర్తు లేదు.

కుంచె మేము తీసికొంటిమి. కిటికీ వెడల్పు 10 మిల్లీమీటర్లు. నల్లసుద్దపొడిని ముదురు గోధుమపొడితో కలిపి, సున్నితమైన కుంచెతో పైకమ్మినుండి మీదికి అద్దితిమి. క్రింద చిక్కగా, పైకిపోవుకొలది పలుచగా. దానిపై సున్నపు తెలుపు ఒక పొర వేసి, అది ఆఱినపిదప మరల మసి అద్దితిమి. సంక్రాంతియు, ఉగాదియు రెండును ఆ గోడపై నుండవలెనని. చేయి వణకుచున్నదని తమ్ముడు మోచేతిక్రింద ఒక పుస్తక ముంచెను.

సాయంకాలము చెల్లెలియింట నున్న అమ్మగారికి ఫోనులో ఆ నమూనాను చూపితిమి. ముందు స్టేషనును, పేరుపలకను చూపగా ఆమె సంతోషించిరి. నాన్నగారి గది కిటికీని గుర్తించి కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట వెనుకగోడ త్రిప్పితిమి.

"ఇదేమిటే, ఆ మసి కూడా పెట్టారా? చూసినవాళ్లు ఏమనుకుంటారు, ఆ ఇల్లాలికి ఒళ్లు వంగదనుకోరూ?" అనిరి.

మేము బదులు చెప్పుటకు మాటలు వెదకుచుండగనే, "ఏదీ, ఆ ఫోను కాస్త దగ్గిరగా పెట్టు" అనిరి. పెట్టితిమి. చాలసేపు చూచిరి. తుదకు, "కిటికీకి కుడిపక్కన ఒక మేకుండేది. మీ నాన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చి లాంతరు దానికి తగిలించేవారు. దాని కింద తుప్పుచార మరిచిపోయారు" అనిరి.

తమ్ముడు మాటలాడక కుంచెలలో కెల్ల సన్ననిదానిని తీసి, తుప్పురంగులో ముంచి, ఆమె చూచుచుండగనే రెండు మిల్లీమీటర్ల చార దింపెను.

"ఇంకొంచెం పొడుగు" అనిరి అమ్మగారు.

వాడు మఱియొక మిల్లీమీటరు దింపెను.

సోదరీమణులారా, మనయింట పాతగోడలకు సున్నము వేయించునప్పుడో, పాతయిల్లు పడగొట్టి క్రొత్తది కట్టించునప్పుడో, ముందుగా ఒక్క పని చేయుడు. వీధివైపు ఫోటో అందఱును తీయుదురు. మీరు పెరటివైపు పోయి, వంటయింటి కిటికీని, రోలు రాచుకొన్న మూలను, నీళ్లబిందె దింపి దింపి గుంటపడిన గట్టును తీయుడు. గోడ పొడవు, కిటికీ ఎత్తు టేపుతో కొలిచి ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. మీ పిల్లలలో ఎవరో యొకరు ఎప్పటికైన అడుగుదురు. అప్పుడు చెప్పుటకు మనము ఉండకపోవచ్చును.

తిరిగి వచ్చునప్పుడు తమ్ముడు స్టేషనును తన యొద్ద నుంచుకొని, క్వార్టరును విడదీసి దూదిలో చుట్టి మాకిచ్చెను. ఈ సంక్రాంతికి అమ్మగారు మా యింట నుండిరి. కొలువులో దానిని మొలకల పొలము ప్రక్కన పెట్టితిమి. పేరంటమునకు వచ్చిన ఒక చిన్నది, "అన్నీ కొత్తగా ఉన్నాయి, ఈ ఇల్లొక్కటే పాతగా ఉందేం పిన్నిగారూ?" అని మమ్మడిగెను. మేము నోరు విప్పకమునుపే అమ్మగారు ముందుకు వంగి, ఆ యింటిని రెండుచేతులతో వెనుకవైపునకు త్రిప్పి, "ఇది నా వంటిల్లమ్మా" అనిరి.